ఉమ్మడి చూపు

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక పర్వీన్ ఆగి, మూడో తరగతి పిల్లలను ఒకసారి కలయజూసింది. పాఠంలోని దృశ్యాలు చూపే కనుపొర ఎవరి కంటి మీంచీ జారలేదు. చేతిలోని పలక మీద వేలు పైకి జరిపింది. సముద్రం బెంచీలను ముంచి, నల్లబల్లను ముంచి, పైకప్పును తాకింది. పిల్లల చొక్కాలు మాత్రం పొడిగానే ఫ్యాను గాలికి కదులుతున్నాయి. కదిరిలో పుట్టి పెరిగిన ఆ పిల్లల్లో నిజం సముద్రం చూసినవాళ్లు లేరు.

"ఇప్పుడు నీలి తిమింగలం వస్తుంది" అంది.

వచ్చింది. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. పర్వీన్ చూడవలసింది తిమింగలాన్ని కాదు, పలకను. అందులో ప్రతి పేరు పక్కనా బెదురు సూచి సన్నని గీతలా ఊగుతుంది. గీత హద్దు దాటబోతే పొర ఆ ఒక్క బిడ్డ కంటికి దృశ్యాన్ని తగ్గిస్తుంది. ఎవరూ ఏడవరు. ఆ రోజూ ఎవరూ ఏడవలేదు.

గొడవ భోజనాల దగ్గర మొదలైంది.

"బస్సు కంటే పెద్దగా ఉండె!" అన్నాడు ఓబులేసు, చేతులు బార్లా చాపి.

"కాదు, మేకపిల్లంత ఉన్నింది. నా చేతిలోకొచ్చి ఆడుకునింది" అంది చౌడేశ్వరి.

"అబద్ధాలు చెప్తాంది మేడం!"

మిగతావాళ్లు నవ్వారు. చౌడేశ్వరి కంచం వదిలేసి పర్వీన్ దగ్గరికి వచ్చింది. మొదట "నేను చూసినా మేడం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేనే సరిగ్గా చూడలేదేమో" అంది.

ఆ రెండో మాట పర్వీన్‌కు గుచ్చుకుంది. సవరణల సంగతి పిల్లలకు చెప్పకూడదన్నది నియమం. ఎవరికి తగ్గించారో తెలిస్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని మంచి మనసుతో పెట్టిన నియమమే. ఇన్నేళ్లలో ఆమె దాన్ని మీరలేదు.

"నువ్వు సరిగ్గానే చూసినావమ్మా. ఓబులేసు కూడా సరిగ్గానే చూసినాడు. పొర నీకు చిన్నది చూపించింది."

"ఎందుకు?"

"ఒకటో తరగతిలో పొరలో పులిని చూసి అరిచినావు. అప్పటినుంచీ నీకు అన్నీ తగ్గించే చూపిస్తాంది."



"అప్పుడు చిన్నపిల్లను గదా మేడం" అంది చౌడేశ్వరి. "నాకు అసలుది చూడల్లని ఉంది."

భోజనాలయ్యాక పర్వీన్ మళ్లీ సముద్రాన్ని నింపింది. ఈసారి పలక అడుగున ఉన్న ఉమ్మడి చూపును తెరిచింది. మంటలు లేచిన రోజున బయటికి దారి అందరికీ ఒకేలా కనబడాలని పెట్టిన ఏర్పాటది. అందులో ఏ కంటికీ సవరణ ఉండదు. ఆమె తన కనుపొర కూడా పెట్టుకుంది.

గోడలోంచి ముందు దవడ వచ్చింది. ఆ తర్వాత కన్ను. తల వచ్చేసరికే గది చాల్లేదు. బస్సంత కాదు, బస్సులు వరసగా నిలిపినంత. ఓబులేసు చూసిందీ తగ్గించినదే. వాడు బిగుసుకుపోయి, "మేడం" అన్నాడు ఏడుపు గొంతుతో.

చౌడేశ్వరి వాడి చెయ్యి పట్టుకుంది. "నన్ను పట్టుకోరా. అది మనల్ని చూడడంల్యా, దాని పాటికి అది పోతాంది."

గీతలన్నీ హద్దు దాటాయి. పలక ఎర్రబడింది. జిల్లా పర్యవేక్షణ కేంద్రం నుంచి ఒక గొంతు కంగారుగా పలికింది:

"మేడం, మీ గదిలో మంటలా?"

"లేవు సార్. పాఠం జరుగుతోంది."

"పాఠమా? పిల్లలందరి సూచీలూ దాటిపోయాయి! వెంటనే మూసేయండి. లేదంటే ఇక్కణ్ణుంచి నేనే మూయాలి. తర్వాత మీరే జవాబు చెప్పుకోవాలి."

పర్వీన్ వేలు పలక మీదికి వెళ్లింది. పిల్లల వైపు చూసింది. ఎవరు లేచారో, ఎప్పుడు లేచారో గాని, అందరూ బెంచీలు వదిలి ఒక్కచోట గుంపుగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరి తలలూ ఒకే వైపు తిరుగుతున్నాయి.

"మూయొద్దు మేడం!" అని అరిచింది చౌడేశ్వరి. "తోక ఇంకా రాలేదు!"

పర్వీన్ వేలు వెనక్కి తీసుకుంది.

"జవాబు నేనే చెప్పుకుంటాను సార్" అంది. "కాస్త ఆగండి. తోక ఇంకా రాలేదు."