నూనె లేని దీపం

“ఈసారి నీకు వేషం అక్కర్లేదు,” అన్నాడు చీఫ్. “మీ అక్కకి తమ్ముడిగా వెళ్లు, చాలు.”

ఏజెంట్ ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో ఉద్యోగాన్ని ఏనాడూ ఇంటి గడప తొక్కనివ్వలేదతను.

“ఆపరేషన్ పేరు ‘నూనె లేని దీపం’. మీ అక్కకి కరెంటు పెట్టే కేన్సర్ మిషన్‌లో రేడియేషన్ చిమ్మే కోబాల్ట్ క్యాప్సూల్ ఉంటుంది. దానికోసం విదేశీ ముఠా ఇవాళ సర్వీస్ ఇంజనీర్ల వేషంలో వస్తోంది. దాన్ని బాంబులో కలిపి పేల్చారంటే పేటలకి పేటలే ఖాళీ చెయ్యాలి. దేశమంతా హాస్పిటళ్లకి డిటెక్టర్లు, కాపలా ఏర్పాటు చేస్తున్నాం. ఈ హాస్పిటల్ వంతు ఇంకా రాలేదు. అందుకే అసలుది తీసి దాచేసి, డమ్మీ పెట్టించాం. వాళ్లు మిషన్ గదిలోకి రాగానే ఈ పెన్ను నొక్కు, తలుపు మూసుకుని బోనులో పడతారు.”

“మరి ఇవాళ్టి పేషెంట్లు?”

“మిషన్ ఆపితే ముఠా పసిగడుతుంది. ఒక్కరోజేగా! తర్వాత డాక్టర్లు సరిచేస్తారు.”

కాదనొచ్చు. అతను అనలేదు.

సాయంత్రం ఆఖరి పేషెంట్ అక్కే. చక్రాల కుర్చీలోంచి మిషన్‌కి దండం పెట్టి మరీ బల్లమీద పడుకుంది. ఖాళీ మిషన్ బుద్ధిగా గిర్రున తిరిగింది. ఆ దండం ఎవరికి చేరిందో ఏజెంట్‌కి తెలియలేదు.

అంతలో ఇద్దరు దొంగ ఇంజనీర్లతో ‘నెమలి’ గదిలోకి దిగింది. పట్టుచీర, ఘాటు సెంటు. వాళ్ల గుట్టు మనకీ, మన గుట్టు వాళ్లకీ అమ్మే మనిషి. డమ్మీ సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు.

“ఎవర్రా ఆ అమ్మాయి? నిన్నే చూస్తోంది. సంబంధం కదపనా?” అంది అక్క, కుర్చీలోకి దిగుతూ.

“నువ్వూరుకో అక్కా!”

నెమలి మిషన్ దగ్గర చెయ్యి చాపింది. గాజులో దాచిన డిటెక్టర్ కిక్కురుమనలేదు. ఆమె మొహం మాడిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది.

ఏజెంట్ అక్క కుర్చీని ఒక్క ఊపున బయటికి లాగి, జేబులో పెన్ను నొక్కాడు. సీసపు తలుపు దభీమని మూసుకుంది. పిస్తోలు పేలిన చప్పుడు దూరంగా ఎవరో దగ్గినట్టు వినిపించింది. రేడియేషన్‌నే ఆపే తలుపది, తూటా ఎంత?

“అంత తొందరేంట్రా, నడుం విరిగేలా!”

“ఆకలేస్తోందక్కా.”

ఇంటికొచ్చాక అక్క కంచం ఖాళీ చేసి మళ్లీ వడ్డించుకుంది.

“ఇవాళ వికారమే లేదురా! ఆ మిషన్‌లో దేవుడున్నాడు.”

“ఇవాళ లేడక్కా,” అనబోయి మంచినీళ్లు తాగాడు.

దేశాన్ని కాపాడినవాడికి ఆ పూట ముద్ద దిగలేదు. అతని వాటా కూడా అక్కే తినేసింది.