రోడ్డు మీద మనిషి

బాన్సువాడలో ఆ అంబులెన్సు ఆఫీసుకు ఉన్నది ఒకటే బండి. ఫోన్ దగ్గర కూర్చునేది గీత. పల్లెల్లో ఇల్లెక్కడని అడిగితే "రాండ్రి, దొరుకుతది" అంటారే తప్ప ఇంకో గుర్తు చెప్పరు. అందుకే ఎవరు ఫోన్ చేసినా ఆమె మొదటి మాట ఒకటే: "రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి."

ఆ రోజు పెత్తరమాస. పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి విస్తరి వేసే రోజు. పొద్దుగూకేసరికి ముసురు పట్టి కరెంటు పోయింది. గదంతా తడి గోడల వాసన.

ఫోన్ మోగింది. వర్ని దారిలో కాల్వ పక్క ఇంటి నుంచి సమ్మవ్వ.

"కోడలికి నొప్పులొస్తున్నయ్ బిడ్డా. ఉమ్మనీరు పోయింది. జల్ది రాండ్రి."

"బండి వస్తది అవ్వా. రోడ్డు మీద మనిషిని నిలబెట్టు."

"ఇంట్ల మేమిద్దరమే. ఇంకెవ్వల్లేరు."

గీతకు విసుగొచ్చింది. "ఎవరో ఒకరిని పిలువు అవ్వా! చీకట్ల డ్రైవర్‌కు ఇల్లు దొరకది."

"సరే... పిలుస్త."

ఇరవై నిమిషాలకు రెండో ఫోన్‌లో డ్రైవర్ పండరి. "మనిషి కనవడ్డడు అక్కా. తువ్వాల ఊపుతుండు. ఎనకనే పోతున్న."

గీత ఊపిరి పీల్చుకుని ఆ మాటే మొదటి ఫోన్‌లో ఇంకా లైన్ మీదున్న అవ్వకు చెప్పింది. అవ్వ బావురుమంది.

"వచ్చిండా? నా బాలకృష్ణ వచ్చిండా?"

"ఎవరు అవ్వా?"

"నా కొడుకు. ఎండకాలం కాల్వల పడి పోయిండు. ఎవరో ఒకరిని పిలువమంటివి గద బిడ్డా... విస్తరి కాడ కూసోని వాన్నే పిలిచిన."

గీత రెండో ఫోన్ లాక్కుంది.

"పండరీ, ఆగు! ముంగటికి పోకు!"

బ్రేకు కీచుమంది.

"అక్కా... కాల్వ గట్టు మీదున్న. గాయన నడుమెత్తు నీళ్లల్ల నిలబడి... రమ్మంటుండు..."

"ఎనకకు తిప్పు. అటు చూడకు."

తిప్పాడు. విస్తరి దగ్గరి దీపం వెలుగు చూసి ఇల్లు పట్టుకున్నాడు. కోడలినీ అవ్వనూ ఎక్కించుకున్నాడు. దారిలోనే కాన్పయింది. ఫోన్‌లో పసిబిడ్డ ఏడుపు వినబడగానే గీతకు కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడు అవ్వ గుసగుసగా అంది.

"బిడ్డా... వాడు గూడ ఎక్కిండు. బట్టలు నీళ్లు కారుతున్నయ్. పసిగుడ్డును ఒళ్లె పెట్టుకున్నడు."

"ఎవరు...?"

"పొమ్మంటే పోతలేడు. పిలువమన్నది నువ్వేనాయె. నువ్వే చెప్పు... వానికి ఫోనిస్తున్న."

ఫోన్ చేతులు మారింది. దగ్గరగా, నీళ్లు నిండిన గొంతుతో ఎవరో ఊపిరి పీల్చారు.

పసిబిడ్డ ఏడుపు ఆగిపోయింది.