“మేడ ఇచ్చేశాం”

టైలరమ్మ గళ్ళకోటు ఆఫీసులోకి వచ్చేసరికే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది. చేతిసంచి బల్ల మీద పడేసింది. కూర్చోమంటే కూర్చోలేదు. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి రావాలన్న ధ్యాస కూడా లేకుండా వచ్చేసినట్టుంది.

“మీరేనా డిటెక్టివు? నా కొంప కూలుస్తున్నది ఎవరో కనిపెట్టండి. నాకు ఇద్దరి మీద అనుమానం. ఇద్దరూ నా తోడబుట్టినవాళ్ళే,” అంది.

గళ్ళకోటుకి అసలు పేరు ఒకటి ఉంది గానీ అది ఎవరికీ అవసరం పడలేదు. ఎండైనా వానైనా ఆ ఒక్క కోటే కావడంతో ఆ పేరే స్థిరపడిపోయింది. ఆయన దగ్గర పనిచేసే ఆవిడ ఒకప్పుడు కోర్టు వరండాలో టైపు చేసేది. ఉద్యోగం మారినా టైపిస్టు అన్న పిలుపు మారలేదు. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆయనకి కాస్త గర్వం ఉందంటే సగం ఆవిడ చలవే.

“మొదట్నించీ చెప్పండి,” అన్నాడు గళ్ళకోటు.

తండ్రి పోతూ ముగ్గురు పిల్లలకీ కలిపి ఒక మేడ ఇల్లు వదిలిపెట్టాడు. కింద టైలరమ్మ ఉంటుంది. ముందుగదిలోనే మిషన్లు, కుట్టుపని. పైన అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక కొత్తవాళ్ళు దొరకలేదు. ఖాళీ ఇల్లు ఎందుకు, అమ్మేసి పంచుకుందామని తమ్ముడు గోల పెట్టాడు. చివరికి ముగ్గురూ పెద్దమనుషుల ముందు ఒక మాట అనుకున్నారు. నెలాఖరులోపు మేడ అద్దెకి పోతే ఇల్లు నిలుస్తుంది. పోకపోతే అమ్మకానికే.

“ఎల్లుండితో నెల అయిపోతుంది. ఆ ముందుగది పోతే నేను మిషను నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరగాలి. ఎన్నేళ్ళుగానో అలవాటైన గిరాకీ అది. ఇంకో వీధికి వెళితే నా మొహం ఎవరు చూస్తారు?” అంది. ఏడుపొస్తుందేమోనని ఇంకాస్త కోపం తెచ్చుకుంది.

“ప్రకటనలు ఎక్కడిచ్చారు?”

“దాని మీద కూడా యుద్ధమే జరిగింది. మా అన్నయ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. డబ్బు కట్టే వెబ్‌సైటులో పెడితేనే మర్యాదస్తులు వస్తారన్నాడు. తమ్ముడికి డ్రైవింగ్ స్కూలుంది. ఊరికే పెట్టుకోనిచ్చే సైటుండగా డబ్బు తగలెయ్యడం దేనికన్నాడు. నేను బ్రోకర్లని రానివ్వని సైటు ఒకటుందంటే అందులో పెట్టమన్నాను. ఆఖరికి మూడింట్లోనూ పెట్టాం. మూడింట్లోనూ నా ఫోన్ నంబరే. ఒక్కరు కూడా ఫోన్ చెయ్యలేదు!”

“అద్దె ఎక్కువేమో?”

“వీధిలో అందరికంటే తక్కువ. నిన్న బొత్తాలు కొందామని వెళితే కొట్లో ఒకావిడ ‘మీ మేడ ఇచ్చేశారటగా? ఫోన్ చేస్తే ఎవరో మగాయన చెప్పాడు’ అంది. ప్రకటనలో నా నంబరు కాకుండా ఇంకోటి ఎలా ఉంటుంది? రోజూ చూసుకుంటున్నాను కదా!”

“ఎలా చూసుకుంటున్నారు?”

“ఎలా ఏమిటి? నా అకౌంటు తెరుస్తాను. నా ప్రకటన చూస్తాను.”

గళ్ళకోటు టైపిస్టు వైపు తిరిగాడు. “మీరు ఇల్లు దొరక్క తిరుగుతున్న మనిషిలా వెతకండి. వీధి పేరు కొట్టండి. తక్కువ అద్దెవి ముందు చూపించమనండి.”

టైపిస్టు వెతికింది. మరుక్షణం నోరు వెళ్ళబెట్టింది. అదే మేడ, అదే నీలంరంగు గేటు, గేటు పక్కన టైలరమ్మ బోర్డు, అన్నీ రెండుసార్లు కనిపించాయి. పైనున్న ప్రకటనలో అద్దె కొంచెం తక్కువ, ఫోన్ నంబరు వేరు. మిగతా రెండు సైట్లలోనూ అదే తంతు.

“ఇంటివాళ్ళెవరూ అద్దెకొచ్చేవాళ్ళలా వెతకరు,” అన్నాడు గళ్ళకోటు. “తమ ప్రకటన తాము చూసుకుని మురిసిపోతారు. దాని నెత్తిమీద ఇంకోటి కూర్చున్న సంగతి తెలియదు. తక్కువ అద్దె చూసి అందరూ ఆ నంబరుకే చేస్తారు.”

టైపిస్టు ఆ నంబరుకి ఫోన్ చేసింది.

“మేడ ఇచ్చేశాం,” అంది ఒక మగ గొంతు. ఫోన్ పెట్టేసింది.

ఆ రెండు మాటల్లో గొంతు పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. నంబరు ఎవరిదో పోలీసులు కనుక్కోగలరు గానీ ఎల్లుండిలోపు కనుక్కుంటారని ఆశపడేంత అమాయకుడు కాదు గళ్ళకోటు.

మర్నాడు పొద్దున పదకొండింటికి అందరినీ టైలరమ్మ ఇంటికి రమ్మన్నాడు. ఆయన వెళ్ళేసరికి స్టేషన్ మాస్టరు అప్పటికే మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆయన పక్కన మాత్రం గొడుగు ఉంది. దాని పక్కన సున్నం బకెట్టు, కుంచె.

“సాయంత్రం వాన పడొచ్చన్నారు,” అన్నాడు చిరునవ్వుతో. “అద్దెకొచ్చేవాళ్ళు గోడలు చూసి వంక పెడతారేమోనని సున్నం కూడా తెచ్చి ఉంచాను. రేపు చెయ్యాల్సింది ఇవాళే చేసుకోకపోతే నాకు అన్నం సయించదండీ. పాపం మా చెల్లి! ఎవరైనా వస్తే బాగుండు.”

టైపిస్టుకి ఆయన తెగ నచ్చాడు. ఇంతటి అన్న ఉంటే ఇంకేం కావాలి అనుకుంది.

తమ్ముడు బాగా ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే గేటుని కాలితో తన్నాడు.

“డిటెక్టివుని కూడా పెట్టావా అక్కా? కుట్టుకూలి అంతా వీడికి పోస్తున్నావా?”

“మర్యాదగా మాట్లాడరా!”

“మర్యాదేమిటి? నేను అమ్మేద్దామన్నాను, అంటూనే ఉన్నాను, నీ మొహమ్మీదే అంటున్నాను. చాటుగా చేసే ఖర్మ నాకేం పట్టింది?”

“నీకు అప్పుడూ ఇప్పుడూ నీ సంగతే! నాన్న పడుకున్న మంచం కూడా అమ్ముకుతిన్నావు!”

“అక్కాతమ్ముళ్ళు అలా అరుచుకోకూడదర్రా,” అన్నాడు స్టేషన్ మాస్టరు మెల్లగా. ఇద్దరూ ఆయన మీద విరుచుకుపడ్డారు.

ఈ రభసలోకి బ్రోకరు దిగాడు. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఇన్నాళ్ళూ ఆయన చేతి మీదుగానే అద్దెకి వెళ్ళేవి. సైట్లు వచ్చాక టైలరమ్మ ఆయన మొహం చూడటం మానేసింది.

“ఫోనులో ఇళ్ళు అద్దెకి పోయే రోజులొచ్చాయిగా, ఇంక నాతో పనేంటి?” అన్నాడు పళ్ళు కొరుకుతూ. “మేడ ఖాళీగా ఉంటే నాకు పండగే. దాచుకోను.”

ఆ వాకిట్లో ఒకరంటే ఒకరికి పడే మనిషి లేడు. గళ్ళకోటుకి మాత్రం అది వరంలా కనిపించింది. అన్న, తమ్ముడు, బ్రోకరు ముగ్గురినీ విడివిడిగా పెరట్లోకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. చివరి మాట మాత్రమే టైపిస్టుకి వినపడింది. అది ముగ్గురికీ ఒకటే.

“రేపటి నుంచి ప్రకటన అలా మారుస్తున్నాం. మిగతావాళ్ళకి చెప్పకండి.”

“చెప్పడమా? వాళ్ళతో మాట్లాడతాననుకున్నారా?” అన్నాడు తమ్ముడు. మిగతా ఇద్దరి జవాబూ ఇంచుమించు అదే.

ఆ సాయంత్రం వాన పడింది. టైపిస్టు మళ్ళీ సైట్లు తెరిచి చూసింది. టైలరమ్మ ప్రకటన ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని నెత్తినున్న దొంగ ప్రకటనలో మాత్రం కొత్త వాక్యం ఒకటి చేరింది. ‘కుక్కలు పెంచుకునేవాళ్ళకి కూడా ఇస్తాం.’

“అదేమిటండీ! మనం ఇంకా మార్చలేదు కదా?” అంది.

“మనం మార్చబోవడం లేదు,” అన్నాడు గళ్ళకోటు. చాలారోజుల తర్వాత కోటు గుండీలు పెట్టుకున్నాడు. అది ఆయన సంతోషానికి గుర్తు అని ఆవిడకి తెలుసు.

నెలాఖరు రోజు అందరూ ఖాళీ మేడ మీద గోడలకి ఆనుకుని నిలబడ్డారు. స్టేషన్ మాస్టరు పేరుకుతగ్గట్టే ముందుగా వచ్చి కిటికీలు తెరిచి ఉంచాడు. తమ్ముడు వాచీ చూసుకుంటున్నాడు.

“తొందరగా కానివ్వండి. ఇవాళ్టితో గడువు ఆఖరు. రేపు కొనేవాళ్ళని తీసుకొస్తాను.”

“ముందు బ్రోకరు గారి సంగతి,” అన్నాడు గళ్ళకోటు. “ఆ నంబరుకి ఎవరు చేసినా వచ్చే జవాబు ఒకటే. ‘మేడ ఇచ్చేశాం.’ అంతటితో ఫోన్ పెట్టెయ్యడం. అయ్యా, ఇల్లు కావాలని ఒక మనిషి ఫోన్ చేస్తే మీరలా పెట్టేస్తారా?”

“నాకేమైనా పిచ్చా? అది కాకపోతే ఇంకోటుందని పట్టుకెళ్ళి చూపిస్తా.”

“అందుకే మీరు కాదు. దొరికిన మనిషిని వదిలేసే బ్రోకరు ఈ భూమ్మీద పుట్టలేదు. ఇది ఇల్లు ఇప్పించాలనుకున్న మనిషి పని కాదు, ఇల్లు ఖాళీగా ఉండాలనుకున్న మనిషి పని. అంటే ఇంట్లోవాళ్ళ పని.”

“ఇంకేం, నా పేరు చెప్పెయ్యండి,” అన్నాడు తమ్ముడు.

“నిన్న మీకో మాట చెప్పాను. ఏం చెప్పాను?”

“కింద కారు పెట్టుకోవచ్చని రాస్తామన్నారు.”

“బ్రోకరు గారికి?”

“పెళ్ళికాని కుర్రాళ్ళకి కూడా ఇస్తామని రాస్తారట.”

“ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పాను. ఒకరి మాట ఇంకొకరికి చేరదని నాకు నమ్మకం. మీ పగలే గోడల్లా అడ్డం నిలబడ్డాయి. దొంగ ప్రకటన పెట్టినవాడికి ఒక తిప్పలుంది. అసలు ప్రకటన ఎవరిని పిలుస్తుందో వాళ్ళని తనూ పిలవాలి. లేకపోతే వాళ్ళు తిన్నగా టైలరమ్మ దగ్గరికి వెళ్ళిపోతారు. కాబట్టి మేం మార్చాక చూసి తనూ మార్చాలి. అది చాలు అతనికి. కానీ ఆ మనిషి రేపటి దాకా ఆగలేకపోయాడు. రేపు చెయ్యాల్సింది ఇవాళే చెయ్యకపోతే ఆయనకి అన్నం సయించదు. కుక్కల సంగతి నిన్న సాయంత్రమే రాసేశాడు.”

టైలరమ్మ ముందుకొచ్చింది. “కుక్కల మాట ఎవరికి చెప్పారు?”

స్టేషన్ మాస్టరు చిరునవ్వు ఇంకా పోలేదు. “ఎవరో పొరపాటున రాసి ఉంటారు. ప్రకటనలో కుక్కలుంటే నేను దొంగనైపోతానా?”

“ఆయనేనండీ!” అంది గుమ్మం దగ్గరి నుంచి ఒక గొంతు.

ఆసుపత్రి దుస్తుల్లో ఉన్న నర్సు ఒకావిడ అక్కడ నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర బూడిదరంగు కుక్క ఒకటి అందరినీ అనుమానంగా చూస్తోంది. డ్యూటీకి వెళ్ళే దారిలో ఆ నీలం గేటుని రోజూ చూస్తుందట. పొద్దున ఆ గేటు దగ్గర నిలబడి, మేడ ఖాళీగానే ఉంది కదా అని పక్కింటివాళ్ళతో వాదిస్తుంటే గళ్ళకోటు ఆమెని చూసి, కాసేపాగి పైకి రమ్మన్నాడు.

“కుక్కుందని ఎక్కడికెళ్ళినా తలుపులే వేస్తున్నారు. ఈ ప్రకటన చూసి రాత్రి ఫోన్ చేశాను. ఇచ్చేశామన్నారు. అయితే ప్రకటన ఎందుకుంచారని అడిగాను. కుక్కతో వచ్చేదానికి ఇల్లెందుకు, బోను చూసుకోమన్నారు. నన్ను తిట్టిన గొంతుని నేను మర్చిపోను.”

స్టేషన్ మాస్టరు చిరునవ్వు ఇప్పుడు పోయింది.

“ఎందుకన్నయ్యా?” అంది టైలరమ్మ. అరవలేదు. అరిస్తేనే నయంగా ఉండేది.

“నాకు మాత్రం వాటా అక్కర్లేదా?” అన్నాడు ఆయన ఉన్నట్టుండి బిగ్గరగా. “వాడు అమ్మేద్దామంటే వాడు చెడ్డవాడయ్యాడు. నేనంటే నేనూ చెడ్డవాణ్ణయ్యేవాణ్ణి. ఇల్లు దానంతటదే అమ్ముడుపోతే...”

“నీ మంచితనం చెక్కు చెదరదు. తిట్లు నేను తినాలి!” తమ్ముడు ముందుకు దూకాడు. బ్రోకరు అడ్డుపడి పట్టుకున్నాడు. “ఇన్నాళ్ళూ అక్క నన్ను దొంగలా చూసిందిరా! మంచం అమ్మింది కూడా నువ్వే కదూ? నిజం చెప్పు!”

స్టేషన్ మాస్టరు కిటికీ వైపు తిరిగాడు. టైలరమ్మ తమ్ముడి వైపు చూసింది. చెప్పాల్సిన క్షమాపణ ఆ రోజుకి గొంతు దాటలేదు.

“ఏదేమైనా గడువు ఇవాళే,” అన్నాడు స్టేషన్ మాస్టరు గొడుగు తీసుకుంటూ. “అద్దెకి ఎవరూ రాలేదు. మాట మాటే.”

“నేను వచ్చానుగా,” అంది నర్సు. “మీ ప్రకటన చూసే వచ్చాను. ఆవిడ ప్రకటనలో కుక్కల మాటే లేదు.”

టైపిస్టు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టబోయి గళ్ళకోటు మొహం చూసి ఆగింది. ఆయన కూడా నవ్వు ఆపుకుంటున్నాడు.

“ఇల్లు చూడండమ్మా,” అంది టైలరమ్మ. “ఉత్తరపు గోడకి వానొస్తే చెమ్మ. ముందే చెబుతున్నాను.”

“మా కుక్క గోడలు చూడదండీ. నాకు వంటిల్లు బాగుంటే చాలు.” నర్సు లోపలికెళ్ళి కిటికీ తలుపు ఒకసారి వేసి తీసింది. తిరిగొచ్చి అక్కడికక్కడే బయానా టైలరమ్మ చేతిలో పెట్టింది.

స్టేషన్ మాస్టరు మెట్లవైపు నడిచాడు. దారిలో కుక్క పడుకుంది. అది లేవలేదు. ఆయన గోడవారగా నక్కి దాటుకోవాల్సి వచ్చింది.

అప్పుడే టైలరమ్మ ఫోన్ మోగింది. దొంగ ప్రకటనలని టైపిస్టు ఫిర్యాదు చేసి పొద్దున్నే తీయించేసింది. అసలు నంబరుకి వచ్చిన మొదటి ఫోన్ అది. టైలరమ్మ ఎత్తి విన్నది. మెట్ల మీద సగం దిగిన అన్నకి వినపడేలా గొంతు పెంచింది.

“లేదండీ,” అంది. “మేడ ఇచ్చేశాం.”