నేతగాళ్ల సందులో నూటపది కరెంటు

పొద్దున్న ఏడింటికి టాంజియర్ రేవులో అల్లాల్‌ని చంపేశారు. క్రేను నీడలో నిలబడి సార్డీన్ చేప పెట్టిన రొట్టె తింటున్నాడు. మెడలో కత్తి దిగింది. పొడిచినవాణ్ని తోటి కూలీలు పట్టుకుని నేలకేసి అదిమారు. వాడు పంటికింద విషపు గోళీ కొరుకుతూ నవ్వాడు.

"ఒక్కడికే ఏడుస్తారేం? మిగతా ఇరవై ఒక్క మంది పేర్లూ ఇవాళ నాలుగింటికి రేడియోలో పోతాయి."

నోట్లో నురగ. వాడూ పోయాడు.

ఆ ఇరవై ఒక్క మందీ ఏజెంట్ నంబర్ నైన్, మీమూన్ అజర్కాన్ మనుషులు. విదేశీ ఓడల్లో దొంగ తుపాకులు దిగుతున్నాయని ఉప్పందించిన రేవు కూలీలు. దేశభక్తి మీద ఉపన్యాసాలు దంచే పెద్దమనుషులు నోరు కుట్టేసుకున్న రోజుల్లో నోరు విప్పింది వీళ్లే. "మీ పేర్లు బయటికి రావు. వస్తే నా తల తియ్యండి" అని ఒక్కొక్కరికీ చేతిలో చెయ్యేసి చెప్పాడు మీమూన్. ఆ పేర్లు తుపాకులు దింపే ముఠాకి చేరాయా, రాత్రికి ఇరవై ఒక్క ఇళ్లలో ఏడుపే.

పేర్లు కాగితం మీద లేవు. మూడు తలల్లోనే ఉన్నాయి. ఒకటి మీమూన్‌ది. ఒకటి అతని పై అధికారి కమిషనర్ బెర్రాదాది. మూడోది ఘిజ్లాన్‌ది.

ఘిజ్లాన్ డబుల్ ఏజెంట్. ముఠా నడిపే షిప్పింగ్ కంపెనీలో సెక్రటరీగా చేరి, వాళ్ల జీతం తింటూ మీమూన్ పక్షానికి కబుర్లు మోస్తుంది. మార్సెయ్ కాన్వెంటు చదువు, ఎత్తు మడమల జోళ్లు, ఎప్పుడు చూసినా ఇప్పుడే దువ్వినట్టుండే జుట్టు. వచ్చే నెల ఆమెకీ మీమూన్‌కీ పెళ్లి. నిన్న సాయంత్రమే ఆ పేర్లన్నీ తన నోటితో ఆమెకి చెప్పాడు. కాబోయే పెళ్లానికి కాక ఎవరికి చెబుతాడు?

పదింటికి కమిషనర్ గదిలో బ్రీఫింగ్.

"ముఠా ట్రాన్స్‌మిటర్ కొండమీద ఒక విల్లాలో ఉంది, నా కళ్లారా చూశా" అంది ఘిజ్లాన్. బల్లకింద మీమూన్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

ఆమె వెళ్లాక కమిషనర్ తలుపు మూశాడు.

"విల్లాకి స్క్వాడ్‌ని పంపుతా. కానీ మన రేడియో వ్యానుకి రోజూ నాలుగింటికి సిగ్నల్ తగులుతోంది నేతగాళ్ల సందులో. నువ్వు అటు పో. పోయినేడు దొరికిన సెట్టు గుర్తుందిగా?"

"కరెంటు తీసేస్తే బ్యాటరీ మీద నడిచింది సార్."

"తలుపు బద్దలుకొట్టేలోగా మెసేజ్ వెళ్లిపోయింది. కాబట్టి కరెంటు తియ్యడం కాదు. సెట్టుని కాల్చాలి."

నేతగాళ్ల సందు. ఘిజ్లాన్ అద్దెకుంటున్న సందు. మీమూన్ ఆ మాట పైకి అనలేదు. అక్కడ నలభై ఇళ్లున్నాయి, ఏ ఇంటివాడైనా కావచ్చు.

పదకొండింటికి ఆ సందులోకి ఒక కరెంటు మనిషి వచ్చాడు. ఖాకీ చొక్కా, అంటించిన మీసం, భుజాన సంచీ. సంచీలో గుండ్రటి పిన్నుల అడాప్టర్లు, చదును పిన్నుల అడాప్టర్లు. వాటిలో ఒకటి అడాప్టర్ కాదు. దాని కడుపులో చిన్న రిసీవర్ ఉంది, సన్న తీగ చెవిలో దోపుకుంటే ముఠా ఫ్రీక్వెన్సీ వినిపిస్తుంది.

కొండమీద విల్లాలకి రెండొందల ఇరవై కరెంటు వచ్చి పన్నెండేళ్లయింది. పాతబస్తీకి మాత్రం ఇంకా నూటపదే. కొత్త లైను సందు మొదట స్తంభం పెట్టెదాకా లాగి, కలపకుండా వదిలేశారు. పేదోడే కదా, ఆగుతాడు! అందుకే ఆ సందులో కొత్త సామాను ఏది కొన్నా పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, సాకెట్‌లో పట్టడానికి అడాప్టర్ వెతుక్కోవాలి.

ఏడో ఇంటి ముసలమ్మ లల్లా బతూల్ తలుపు తీసింది. ఘిజ్లాన్ ఉండేది ఆమె మేడ మీదే.

"మీటరు తర్వాత చూద్దువు గానీ, ముందు నా బల్బు సంగతి చెప్పు నాయనా. నాలుగయ్యేసరికి గుడ్డిదైపోతోంది."

"రోజూనా అమ్మా?"

"రోజూ! పైనున్న మహారాణి తల ఆరబెట్టుకుంటుందట. రోజూ తలంటేమిటి నాయనా? మా పెద్దదాని పెళ్లికి కూడా వారంలో రెండు తలంట్లే పోశాం."

మీమూన్‌కి నవ్వు రాలేదు.

"ఆరబెట్టే మిషనుకి ఇంత ఇనపదిమ్మ ఒకటి" అని చేతులు చాపి చూపించింది బతూల్. "మొగుడు కాబోయేవాడు సొంతంగా చుట్టి ఇచ్చాడట. ఎవడో వెర్రిబాగులోడు."

ఆ వెర్రిబాగులోడు మూడు శుక్రవారాలు కూచుని రాగితీగ చుట్టాడు. నూటపది పోస్తే రెండొందల ఇరవై ఇస్తుంది ఆ దిమ్మ. ఎంత పోస్తే అంతకి రెట్టింపు.

మేడమెట్లెక్కి చూశాడు. విదేశీ తాళం. గడప దగ్గర సన్నటి దారం, ఎవరు అడుగుపెట్టినా తెగేట్టు. ముట్టుకోలేదు. నిజంగా తలే ఆరబెట్టుకుంటోందేమో. ఆడపిల్ల, షోకు ఎక్కువ. ఉండకూడదా?

కిందికొచ్చి బతూల్‌కి తన బ్యాడ్జీ చూపించాడు.

"అమ్మా, నాలుగింటికి సందుకి కొత్త లైను కలుపుతా. అందరూ ప్లగ్గులు పీకెయ్యాలి, బల్బులు విప్పెయ్యాలి. లేకపోతే పేలిపోతాయి. పైనావిడకి మాత్రం తెలియకూడదు."

"చాటింపు వేయిస్తే?"

"ఆఫీసులో ఉన్నా ఎవరో ఒకరు చెప్పేస్తారు."

బతూల్ నోరంతా తెరిచి నవ్వింది. "డాబా ఎక్కేది బట్టలు ఆరేసుకోవడానికే అనుకున్నావా? మధ్యాహ్నంలోగా నలభై ఇళ్లకీ చెప్పేస్తాం."

"నలభై ఇళ్ల ఆడవాళ్లకి చెప్పాక అది రహస్యమా అమ్మా?"

"దానికి రహస్యమే. వచ్చి మూడేళ్లయింది. ఒక్కనాడు డాబా ఎక్కి సలాం చెప్పిన పాపాన పోలేదు. మేమంటే పురుగులం దానికి. నువ్వు పో, నీ పని చూసుకో."

మూడు యాభైకి మీమూన్ స్తంభమెక్కాడు. ఘిజ్లాన్ జోళ్లు టకటకలాడించుకుంటూ వచ్చింది. స్తంభం కిందనుంచే పోయింది, తలెత్తలేదు. కరెంటోడి మొహం ఎవరు చూస్తారు గనక? జుట్టు పొడిగా, దువ్వినట్టే ఉంది. తడుపుకోవడానికి ఇంకా టైముందిలే అనుకున్నాడు మీమూన్. సిగ్గులేని ఆశ!

ఒక చెయ్యి మార్పిడి హ్యాండిల్ మీద. చెవిలో తీగ.

నాలుగు. నిశ్శబ్దం. హమ్మయ్య అని ఊపిరి వదలబోయాడు.

టిక్. టిక్ టిక్.

ఎవరు పంపుతున్నారో చెప్పే కాల్‌సైన్ వచ్చింది. అవతల ఎవరో 'సిద్ధం' అన్నారు. తర్వాత మోర్స్‌లో ఒక అంకె: ఇరవై ఒకటి. అల్లాల్‌ని తీసేసి లెక్క సరిచూసుకుంది. మొదటి పేరులో మొదటి అక్షరం మొదలైంది.

మీమూన్ హ్యాండిల్ లాగేశాడు. రెండొందల ఇరవై దిమ్మలోకి పోయి నాలుగొందల నలభై అయింది.

ఏడో ఇంటి మేడ మీద ఢామ్మంది. చెవిలో మోత ఆగిపోయింది. కిటికీలోంచి నల్లపొగ వచ్చింది. సందులో మిగతా ఏ ఇంట్లోనూ ఒక్క బల్బు కూడా చిట్లలేదు.

అతను తలుపు తన్నేసరికి ఆమె దగ్గుతూ గోడకి ఆనుకుని ఉంది. బల్ల మీద కరిగిన సెట్టు. దాని పక్కన అతను చుట్టిన దిమ్మ ఇంకా బుసకొడుతోంది. మీసం పీకి పారేశాడు.

"నువ్వా?" అంది. తర్వాత, "లైను మారుస్తున్నారని నాకెవరూ చెప్పలేదే."

"ఎవరు చెబుతారు? నీకు ఇక్కడెవరు తెలుసు?"

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పదకొండింటికి అనుమానమొచ్చింది."

"మరి అప్పుడే పట్టుకోవచ్చుగా?"

"తల ఆరబెట్టుకుంటున్నావేమోనని ఆగా."

ఆమె నవ్వబోయింది. అతని మొహం చూసి మానేసింది. "నీ మీద ప్రేమ అబద్ధం కాదు మీమూన్."

"అల్లాల్ పెళ్లానికి చెప్పు ఆ మాట." చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేశాడు. ఆ చేతులు ఇప్పుడూ వెచ్చగానే ఉన్నాయి. దానికి అతనికి ఒళ్లు మండింది.

కిందికి తీసుకొస్తుంటే నలభై డాబాల మీద ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

కమిషనర్ జీపు దిగుతూనే గొణిగాడు. "కరెంటాఫీసు వాళ్లు ఫోన్లో ఒకటే గోల. ఈ సందు వంతు ఇంకా రెండేళ్లకి గానీ రాదట, ఎవరిని అడిగి కలిపారని. ఏం చెప్పమంటావ్?"

మీమూన్ జీపు వెనక తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

"మర్చిపోకుండా రాసుకోమనండి సార్. పేదోళ్ల సందుకి కొత్త లైను రావాలంటే దరఖాస్తులు పనికిరావు, ఒక దేశద్రోహిని అద్దెకి దింపుకోవాలి."