ముప్పై అయిదు నిమిషాల గీత

పదకొండు గంటలకు గన్‌ఫౌండ్రీలో బ్యాంకు మెట్లు దిగుతున్న ఏజెంట్ డెన్నిస్ భుజానికి ఎవరో రాసుకుని వెళ్ళారు. సూది గుచ్చుకున్నట్టయింది. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు.

ఒంటిగంటన్నరకు అబిడ్స్‌లో, బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో ఏజెంట్ ఎర్నెస్ట్ ఫోన్ మోగింది. బయట బోర్డు మీద మూలికల టెస్టింగ్ ల్యాబ్. లోపల డిపార్ట్‌మెంట్ స్థావరం.

"డెన్నిస్ నాంపల్లి దవాఖానలో ఉన్నాడు. మారుపేరుతో చేర్పించాను," అన్నాడు చీఫ్ శ్యామ్‌సుందర్. "విదేశీ ముఠా పని. రెండూ నలభై అయిదు దాటితే మనిషి దక్కడు."

"విరుగుడు?"

"ఒక అడవి తీగ రసం. అందులోని యాంటీఆక్సిడెంట్లే మందు. ముఠా దగ్గర్నుంచి విక్టోరియా కొట్టుకొస్తోంది. ఒక్క డోసే. తప్పుది ఎక్కిస్తే రెండోదాన్ని గుండె తట్టుకోదు. నేను ఢిల్లీ ఫ్లైట్ ఎక్కుతున్నా. ఇక నీదే భారం."

విక్టోరియా రెండు వైపులా పనిచేసే మనిషి. ఆమెకన్నా ముందు ఆమె అత్తరు మెట్లెక్కి వచ్చింది. నల్ల కళ్ళజోడు తీయకుండానే రెండు సీసాలు బల్ల మీద పెట్టింది.

"దొంగలకు భయపడి మా బాస్ అసలు పక్కనే నకిలీ పెడతాడు. ఏది ఏదో నాకు తెలియదు."

"తెలియదా, చెప్పవా?"

"నీ ఇష్టమొచ్చినట్టు అనుకో ఎర్నెస్ట్. రెండున్నరకు నాకు రైలుంది."

ఆమె వెళ్ళగానే, ల్యాబ్ నడిపే జానకమ్మ మొదటి సీసాలోంచి కాస్త రసం వడగట్టి లిక్విడ్ క్రోమటోగ్రఫీ మిషన్‌లోకి ఎక్కించింది. రసంలోని పదార్థాలు సన్నటి గొట్టంలో విడిపోయి ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. చివర వాటికి ఊదారంగు మందు కలుస్తుంది. యాంటీఆక్సిడెంట్ తగిలిన చోట ఆ రంగు వెలిసి, తెర మీద గీత కిందికి జారుతుంది. సీసాకు ముప్పై అయిదు నిమిషాలు. టైము 1:45. రెండో సీసాకు వ్యవధి లేదు.

మూడో నిమిషంలో గీత బావిలో బొక్కెన పడ్డట్టు జారింది.

"దేవా, స్తోత్రం," అనుకుని ఎర్నెస్ట్ ఆ సీసాను ఆకుపచ్చ టిఫిన్ క్యారియర్‌లో పెట్టి, సరుకు చేరవేసే కుర్రాడు వెంకటేశ్‌ను ఆటోలో పంపేశాడు. సరుకు చేతిలో ఉన్నవాడు ఫోన్ ఆపేయాలి, తిన్నగా వెళ్ళకూడదు. అది డిపార్ట్‌మెంట్ రూలు. నాంపల్లి పక్కనే ఉన్నా, చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ చుట్టి వెళ్ళాల్సిందే.

గాజు సామాను కడిగి వచ్చిన జానకమ్మ ఖాళీ బల్ల చూసింది. "ఏంది సారూ, గప్పుడే పంపిన్రా?"

"గీత పడింది కదమ్మా."

"మూడో నిమిషంల పడేది విటమిన్ సి. గోలీ నూరి కలిపినా పడ్తది. తీగ సరుకు ఇరవై దాటినంక గాని రాదు. జర కూసోండ్రి."

కూర్చున్నాడు. మిషన్‌ను తరమడానికి లేదు. పంపు వేగం పెంచితే ఒత్తిడికి అదే ఆగిపోతుంది. ఇరవై. ఇరవై అయిదు. గీత చాప పరిచినట్టు చదునుగా ఉంది. పదిహేనేళ్ళుగా చర్చి క్వైర్‌లో తన పక్కన నిలబడి పాడే మనిషి డెన్నిస్. ప్రార్థిద్దామంటే నోరు రాలేదు. తొందరపడింది తాను. సరిదిద్దమని దేవుణ్ణి అడగడం న్యాయమేనా?

ముప్పై. గీత కదల్లేదు. వెళ్ళింది నకిలీ.

వెంకటేశ్ ఫోన్ స్విచాఫ్. డాక్టరు ఎత్తలేదు. డెన్నిస్ అనే పేషెంటే లేడంది రిసెప్షన్. చీఫ్ ఆకాశంలో ఉన్నాడు. మిగిలింది నాంపల్లి స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ విక్టోరియా.

"దవాఖాన గేటు దగ్గర వెంకటేశ్‌ను ఆపాలి. ఆకుపచ్చ క్యారియర్‌తో ఆటో దిగుతాడు."

"అక్కడ మా వాళ్ళు కాపలా ఉన్నారు. నన్ను చూస్తే నా పని అయిపోయినట్టే. అయినా నేను ఆపితే ఆగుతాడా?"

ఇవాళ్టి కోడ్ చెప్తేనే ఆగుతాడు. ఈమెకు కోడ్ చెప్పడమంటే ఇంటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

"ఆవకాయలో ఉప్పు తక్కువైంది అను," అన్నాడు ఎర్నెస్ట్.

అవతల ఫోన్ కట్టయింది.

జానకమ్మ రెండో సీసాలోంచి నాలుగు చుక్కలు తీసుకుని మళ్ళీ మిషన్ ఎక్కించింది. మిగతాది జేబులో వేసుకుని, యాభై రెండేళ్ళ ఎర్నెస్ట్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చెప్పుల కుప్పలూ బేరాలూ తప్పించుకుంటూ పరుగెత్తాడు.

"మెల్లగ పో పెద్దమనిషీ, రైలు పోతే ఇంకోటొస్తది," అన్నాడు గొడుగులమ్మేవాడు.

2:40. గేటు పక్క బెంచీ మీద వెంకటేశ్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"గామె కోడ్ చెప్పింది సార్, ఆగిన. గంతల్నే ఇద్దరు గామె ఎంటవడ్డరు."

"ఎటు పోయింది?"

"తెల్వది సార్. స్టేషన్ దిక్కు మాత్రం పోలే."

ఐసీయూలో డాక్టరు రెండో సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. "టెస్ట్ చేశారా?"

"పూర్తి కాలేదు."

"మరి?"

"ఇది కాకపోతే ఇంకేమీ లేదు డాక్టర్."

2:44కు ఎక్కించారు. చూడక నమ్మినవారు ధన్యులని బైబిల్ వాక్యం. ధన్యత ఇంత భయంగా ఉంటుందని ఎర్నెస్ట్‌కు ఏ పాస్టరూ చెప్పలేదు.

మూడు కావస్తుండగా డెన్నిస్ వేళ్ళు కదిలాయి. అప్పుడే జానకమ్మ ఫోన్ చేసింది.

"సారూ, ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఏడు. మూడు తాన్ల గీత పడ్డది. అసల్ది గిదే."

"సంతోషం జానకమ్మా."

"ఏం సంతోషం? ఒక్క రన్‌తోని రిపోర్టు ఇయ్యరాదు, ఇంక రెండు జెయ్యాలె. గప్పటిదాంక పేషెంటుకు ఏం ఎక్కియ్యొద్దని డాక్టరుకు జర చెప్పుండ్రి."