సగం గోడ

హాలు గోడ సగం ఆకుపచ్చ, సగం గోధుమరంగు. మధ్యలో అంచు మాత్రం దారం పట్టి గీసినట్టుంది.

ఇంటాయన పెయింట్ షాపుకి ఫోన్ చేశాడు. షాపాయన కూతురు స్కూటర్ మీద వచ్చింది. రంగులు కలిపేది ఆమే.

"ఏం కలిపావమ్మా ఇది?"

"ఆకుపచ్చ డబ్బా గోడకి, గోధుమరంగుది తలుపులకి అండి. చెప్పే ఇచ్చాను. కళ్ళున్నవాళ్ళకి తెలుస్తుంది."

"మా పెయింటర్ చేతిలో తప్పు రాదు. కలపడంలోనే ఏదో జరిగింది. ఇక మీ షాపుకో దండం."

ఊళ్ళో కొత్త ఇళ్ళు సగం ఆయన కట్టించేవే. ఆ బేరం పోతే షాపు మూతే. ఆమె మొహం వాడిపోయింది.

పెయింటర్ నిచ్చెన మీదున్నాడు. ఊరుకుంటే అతని పని పోదు. బ్రష్ మళ్ళీ డబ్బాలో ముంచాడు కూడా. తర్వాత దిగాడు.

"తప్పు నాదండి. నిన్న ఆ అంచు దాకా వేసి ఆపాను, ఇవాళ తలుపుల డబ్బా తీశాను. ఈ రెండు రంగులూ నాకు ఒకలాగే కనబడతాయి. పుట్టుకతోనే అంతే."

"రంగులు తెలియని పెయింటరా? ఉప్పు తెలియని వంటవాడిలా."

"అంచు తెలుసండి. టేపు లేకుండా లాగుతాను. రంగే తెలీదు."

ఇంటాయన దగ్గరికెళ్ళి ఆ అంచు మీద వేలు నడిపాడు. తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

"సాయంత్రానికి గోడ సరిచెయ్యి. ఇకనుంచి డబ్బా మీద రంగు పేరు రాయించుకో," అని వెళ్ళిపోయాడు.

ఆమె కదల్లేదు.

"ఏడాదిగా షాపుకొచ్చి, 'మీకేది బాగుంటే అదే ఇవ్వండి' అన్నది ఇందుకా?"

"ఇందుకే."

"నేనింకోటి అనుకున్నాను. మా అమ్మకి చెప్పేశాను కూడా."

స్కూటర్ తాళం తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. బయట వాన పట్టుకుంది. ఆగక తప్పలేదు.

అతను వెనకనుంచే చెప్పాడు. "మా వీధి మలుపులోనే ఒక షాపుంది. అక్కడా అడగొచ్చు. బస్సు మారి మీ దగ్గరికే వచ్చేవాణ్ణి."

ఆమె వాననే చూస్తోంది.

"ముందే చెబితే ఏం పోయేది?"

"నవ్వుతారనుకున్నాను."

"నవ్వేదాన్నే. కోపమొస్తే నా నోటికి హద్దుండదు. ఇందాక కళ్ళ గురించి అన్నాను. అనకుండా ఉండాల్సింది. అదీ తెలుసుకోండి."

"తెలుసు. మీ షాపులో వరసలో నిలబడి ఆ నోరు విన్నవాణ్ణే కదా."

ఆమె నవ్వాపుకుంది. వాన తగ్గింది. అయినా వెంటనే వెళ్ళలేదు.

ఆదివారం అతను వాళ్ళింటికి వెళ్ళాడు. షాపాయన ఎగాదిగా చూశాడు.

"నాకు కొన్ని రంగులు తెలీవండి," అన్నాడు పెయింటర్.

"అమ్మాయి చెప్పింది. మా పిల్లకి నోరెక్కువ. అదీ దాచను. నీకు చెవులెలా ఉన్నాయి?"

"బాగున్నాయండి."

"అయితే కష్టమే బాబూ," అని షాపాయన కుర్చీ ముందుకి జరిపాడు. "కూర్చో."