బఠాణీ కట్టుకున్న ఇల్లు

"మళ్ళీ చెత్త పోగేశావా!" అంది దీప్తి, స్కూలు బ్యాగు కూడా దించకుండా.

పంజరం మూలన చీపురుపుల్లలు ఇరుక్కుని ఉన్నాయి. దీప్తి రోజూలాగే వాటన్నిటినీ లాగి పారేసింది. ఐదో క్లాసు చదువుతూ పంజరం ఇంత శుభ్రంగా ఉంచేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నారు?

లోపలున్న బఠాణీ గొంతు చించుకుని అరిచింది. ఆమె వేలు కొరికింది.

బఠాణీ జానెడు పొడవున్న ఆకుపచ్చ చిలుక. దాని జాతిది దక్షిణ అమెరికా. పోయిన నెలలో బాబాయిని పెళ్ళాడిన జ్యోతి పిన్ని, గుంటూరు నుంచి దాన్ని వెంట తెచ్చుకుంది. కాసేపు బయటికి వదిలితే చాలు, నాయనమ్మ చీపురు మీద వాలి పుల్లలు లాక్కుపోతుంది.

"చీపురు బోడిదైపోయింది. రోజూ ఈ అరుపులొకటి! ఆదివారానికల్లా ఎవరికైనా ఇచ్చెయ్యండర్రా" అంది నాయనమ్మ.

పిన్ని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మర్నాటి నుంచి ఒంటిపూట బళ్ళు. దీప్తి మధ్యాహ్నమే ఇల్లు చేరింది. వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి. వరండాలో బఠాణీ మంచి పనిలో ఉంది. పుల్లని ముక్కున కరుచుకుని ఊచల మధ్య దూర్చింది. జారిపోయింది. తిప్పి దూర్చింది. మళ్ళీ జారింది. తొమ్మిదోసారికి నిలిచింది! అప్పుడు వెనక్కి జరిగి, మెడ వంచి, ముగ్గు పూర్తి చేసినదానిలా చూసుకుంది.

"పిన్నీ, ఏం చేస్తోందిది?"

"గూడు కట్టుకుంటోంది. చాలా చిలకలు తొర్రల్లో ఉంటాయి కదా, ఇవి మాత్రం పుల్లలతో కట్టుకుంటాయి. అర్జెంటీనాలో అయితే చెట్టు మీద ఒకే పెద్ద గూడు, అందులో బోలెడు జంటలు. ఎవరి గుమ్మం వాళ్ళదే."

"అపార్ట్‌మెంటే!" అని నవ్వబోయిన దీప్తి ఆగిపోయింది. "అంటే నేను రోజూ దాని ఇల్లు పీకేస్తున్నానా?"

"నువ్వా తీసేది? అత్తయ్యగారనుకున్నా. కొత్తకోడల్ని, ఎలా అడుగుతాను?"

దీప్తి పుల్లల కోసం దొడ్లోని పత్తికట్టె వైపు పరిగెత్తింది.

"ఆగమ్మా! అవి మందు కొట్టినవి. వేపపుల్లలు తే!"

సన్నవీ లావువీ ఒడినిండా తెచ్చింది. ఇద్దరూ కడిగి ఎండబెట్టి ఇచ్చారు. ఇక బఠాణీకి అరిచే తీరికే లేదు. శనివారానికి గోడలు లేచాయి. ఆదివారం పొద్దున్నే గుండ్రటి గుమ్మంలోంచి ఆకుపచ్చ తల బయటికొచ్చింది.

దీప్తి నాయనమ్మని పిలుచుకొచ్చింది. నాయనమ్మ కళ్ళద్దాలు సవరించుకుని పంజరం చుట్టూ తిరిగింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! గుమ్మం తూర్పుకే పెట్టావుటే! వాస్తు తెలిసిన పిట్టని ఎవరికిస్తామే? ఏమ్మా జ్యోతీ, ఇక్కడే ఉండనీ" అంది. "ఒసేయ్ సైదాబీ, ఓసారి వచ్చి మా చిలక ఇల్లు చూడు!" అని పక్కింటికి వినబడేలా కేకేసింది కూడా.

పిన్ని దీప్తిని ఎత్తుకుని గిర్రున తిప్పేసింది.

సైదాబీ వచ్చేలోపు ఊడుద్దామని నాయనమ్మ చీపురందుకుంది. పంజరం కింద ఒక పుల్ల రాలిపడి ఉంది.

"నాయనమ్మా, అది ఊడవకు!"

దీప్తి ఆ పుల్లని తీసి, తుడిచి, ఊచల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది. బఠాణీ ఆమె వేళ్ళకేసి చూసింది. ఒక్క అడుగు ముందుకు వేసి, నెమ్మదిగా పుల్లని మాత్రమే అందుకుంది.